ఆలస్యముగా వచ్చు బిడ్డకు ఒక వంతు
(తిరువళ్ళూరు జిల్లా కలెక్టరుగారికి బహిరంగ లేఖ)

మహారాజశ్రీ తిరువళ్ళూరు జిల్లా కలెక్టరువారి సముఖమునకు,

ఆర్యా,

పళ్ళిపట్టు ప్రాంతమున చిరకాలము తెలుగు పాఠములు చెప్పి, ఉద్యోగ విరమణానంతరము ఇంటిపట్టున నుండి మనుమలకు అక్షరములు దిద్దించుకొనుచున్న ఒక ఉపాధ్యాయుడు వ్రాసికొను విన్నపము. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లానుండి విడివడి మదరాసు రాష్ట్రమున చేరినది మొదలు మా కచేరీ కాగితములన్నియు అరవమున నడచుచున్నను, మాలో పెక్కిండ్ల వంటగదులు మాత్రము నేటికిని తెలుగుననే మాటలాడుచున్నవి. నేను విన్నవింపబోవు విషయము వంటగదికిని బడికిని నడుమ చిక్కుకొని యున్నది గావున, దీనిని తెలుగున వ్రాసి పత్రికాముఖమున ప్రకటించుచు, అరవ ప్రతిని వేఱుగా తమ కార్యాలయమునకు పంపుచున్నాను.

విషయము కీళ్ళవాతముతో బాధపడు చిన్నపిల్లల తిండిని గుఱించినది. చిన్నపిల్లలకు కీళ్ళవాతమేమి, అది ముసలివాండ్ర జబ్బుగదా యని తమరును మొదట అనుకొనవచ్చును. మా యూర విన్నవారందఱును అట్లే యన్నారు. 16 ఏండ్లు నిండకమునుపే మొదలై, ఆఱు వారములకు తక్కువగాక ఒక కీలో, అనేకమైన కీళ్ళో వాచియుండి, అందులకు వేఱొక కారణము కానరానప్పుడు వైద్యులు దానిని జువెనైల్ ఆర్థ్రైటిస్ అని నిర్ణయించుచున్నారు. లండను నగరమున జార్జి ఫ్రెడరిక్ స్టిల్ అను వైద్యుడు 22 మంది పిల్లలను పరిశీలించి, 1897లో ప్రకటించిన వ్యాసమున, ఇది పెద్దల కీళ్ళజబ్బుకంటె భిన్నమైన లక్షణములు గలదని వర్ణించెను; అనగా వైద్యశాస్త్రమునకు ఇది క్రొత్త వార్త కాదు, మనకే క్రొత్త. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తి త్రోవదప్పి, కీళ్ళ లోపలి పలుచని పొరపై తిరుగబడుట దీని స్వరూపము. కొందఱు పిల్లలకు నొప్పియు ఎఱుపును లేకయే కంటి లోపల సైతము వాపు వచ్చుచుండును గావున, కాళ్ళు బాగుగనే యున్నవి గదా యని కన్నులను చూపించుట మానరాదు.

అయితే నా విన్నపమునకు మిక్కిలి ముఖ్యమైన లక్షణము ఉదయపు బిగుసు. తెల్లవాఱి నిద్రలేచిన బిడ్డ మోకాలు చాపలేదు, మడమ నేల మోపలేదు. గోడ పట్టుకొని పెరటివఱకు పోవుటకే చాలసేపు పట్టును. వేణ్ణీళ్ళు పోసి, కాలుసేతులను మెల్లమెల్లగా ఆడింపగా ఆడింపగా, ప్రొద్దెక్కునప్పటికి ఆ బిడ్డయే తోడిపిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుటకు సిద్ధమగును. ఉదయమున నడువలేని పిల్ల మధ్యాహ్నమున గంతులు వేయుట చూచినవారికి ఇదంతయు బడి యెగ్గొట్టుటకు పన్నిన వేషమని తోచుట సహజము. తల్లికే ఒక్కొక్కప్పుడు తోచును. ఈ యొక్క లక్షణమును తమరు మనసున నుంచుకొనినచో, తరువాత చెప్పబోవు దానిలో సగము తమకే తెలిసిపోవును.

మా మనుమరాలు నాలుగవ తరగతి చదువుచున్నది. దానికి ఈ జబ్బని తెలిసిన వారమురోజులలోనే పరామర్శకు వచ్చినవారందఱును, చేతిలో పండ్లసంచితోపాటు నోట ఒక నిషేధమును గూడ తెచ్చి యిచ్చిపోయిరి. మా కోడలు ఓపికగల మనిషి. ఎవరితోను వాదింపక, చెప్పినదంతయు ఒక నోటుబుక్కులో వ్రాసికొన్నది. వంకాయ వాతమనిరి, ఉర్లగడ్డయు అంతే ననిరి. పెరుగును చింతపండును పులుపు గనుక కీళ్ళు పట్టివేయునని పుత్తూరునుండి మేనత్త ఫోనుచేసి చెప్పినది. కందిపప్పు తిన్నచో యూరిక్ ఆమ్లము పెరుగునని, తన కాలిబొటనవ్రేలి వాపునకు ఏండ్లతరబడి మాత్రలు మ్రింగుచున్న ఎదురింటి పెద్దమనిషి ఉపదేశించెను. ఆయన జబ్బు వేఱు, పిల్లదాని జబ్బు వేఱు అని ఆయనకు చెప్పగల ధైర్యము వీధిలో ఎవరికిని లేదు. పాలు, గోధుమ, టమాటా మూడును మానిన పిల్ల మంచముమీదినుండి లేచి పరుగెత్తినదని సెల్‌ఫోనులో ఒక వీడియో వచ్చినది. గ్రుడ్డు వేడి, అరటిపండు చలువ. శనక్కాయలు పైత్యము. ఇవన్నియు తీసివేయగా బిడ్డ కంచమున మిగులునవి అన్నము, మిరియాల చారు, ఉప్పు మాత్రమే.

ఆ పుస్తకమును మదరాసునందలి పిల్లల వైద్యురాలి ముందుంచగా, ఆమె పంక్తి వెంట పంక్తి చదివి ఒక్కొక్కదానిని కలముతో కొట్టివేసికొనుచు పోయి, చివర నున్న ఒక్క మాట క్రింద మాత్రము రెండు గీతలు గీసినది. ఆ మాట జీడిపప్పు. అది పరామర్శకు వచ్చినవారెవరును చెప్పినది కాదు. మా కోడలు తాను కన్నులార చూచి వ్రాసికొన్నది. పెండ్లివిందులో పాయసము త్రాగిన కొద్దిసేపటికే పిల్ల పెదవులు ఉబ్బి, ఒడలెల్ల దద్దురులు లేచినవి. మఱియొకమారు పండుగనాటి పొంగలి తిన్నప్పుడును అట్లే జరిగినది. దీనికిని కీళ్ళకును సంబంధము లేదనియు, అయినను ఇది నిజమైన అపాయము గావున జీడిపప్పు కంచము దరిదాపులకు రానీయరాదనియు, బడిలో వంటచేయువారికి తప్పక చెప్పవలెననియు ఆమె హెచ్చరించినది.

ఆర్యా, ఆమె కొట్టివేసిన నిషేధములకును గీతలు గీసిన అపాయమునకును గల భేదమే మన జిల్లాలో తల్లులకు చెప్పువారు లేకున్నారు. ఒక పదార్థము పడకపోవుట అనునది ఒకటే గాదు. తిన్న నిమిషములలోనో, ఒకటి రెండు గంటలలోనో దద్దురులు, పెదవుల వాపు, వాంతులు, ఊపిరాడమి కలుగుట ఒక జాతి. దానియందు ఉదాసీనత ప్రాణాంతకము. పాలు త్రాగిన పిమ్మట కడుపు ఉబ్బి, నీళ్ళవలె విరేచనములగుట మఱియొక జాతి; దానితో ప్రాణభయము లేదు, పాలు పడని పిల్లలలో పెక్కుమందికి పెరుగు పడుచునే యుండును. గోధుమయందలి గ్లూటెన్ అను మాంసకృత్తువలన పేగు దెబ్బతిను సీలియాక్ వ్యాధి మూడవది; కీళ్ళవాతముగల పిల్లలలో ఇది ఇతరులకంటె కొంత యెక్కువగా కానవచ్చును గనుక, ఎదుగుదల లేని బిడ్డకు, తెఱపిలేని విరేచనములుగల బిడ్డకు వైద్యులు రక్తపరీక్ష చేయింతురు; ఆ పరీక్ష కాకమునుపే గోధుమ మాన్పించినచో జబ్బు ఉన్నను పరీక్షకు అందకపోవచ్చును. ఈ మూడును గాక, ఏది తిన్నను కీలు వాచుచున్నదను అనుమానము నాలుగవది. ప్రజలు నూటికి తొంబదిపాళ్ళు మాటలాడుచున్నది ఈ నాలుగవదానిని గుఱించియే.

ఆ యనుమానము ఎట్లు బలపడునో చూడుడు. ఈ వ్యాధి నిలుకడ లేనిది. తనంతట తాను హెచ్చును, తనంతట తాను తగ్గును. వాపు మిక్కుటమై యిల్లంతయు తల్లడిల్లుచున్న దినముననే ఎవరో ఒకరు వంకాయ మానుమందురు, మానుదురు, పదిదినములకు వాపు ఎటులైనను దిగవలసినదే గావున దిగును, కీర్తి వంకాయ మానినందులకు దక్కును. నెలనాళ్ళకు మఱల వాచినప్పుడు వంకాయను నిందించుటకు వీలులేదు గనుక టమాటాపై నేరము మోపుదురు. ఈ విధముగా కంచమునుండి తొలగిపోయినదేదియు తిరిగి రాదు, వ్యాధియు పోదు. మా పెద్దలు చెప్పిన పథ్యమునందు నాకు అనాదరము లేదు. ఆ పథ్యమునకు ఒక అవధి యుండెడిది, మందు ముగిసిన దినమున పథ్యము విడిచెడివారు. ఇప్పటి పథ్యమునకు విడుపు లేదు, అదియే వచ్చిన చిక్కు.

అమెరికాయందలి కీళ్ళవ్యాధి వైద్యుల సంస్థవారు 2021 సంవత్సరపు మార్గదర్శక సూత్రములలో, ఈ పిల్లలకు వయసునకు తగిన సమతులాహారము నిచ్చుటను గట్టిగా సమర్థించుచు, వ్యాధిని కుదుర్చుటకని ఒకానొక ప్రత్యేకాహార నియమమును విధించుటను అంతే గట్టిగా నిరాకరించిరి. ఆహారమునకు ఈ వ్యాధితో సంబంధమే లేదని దీని యర్థము గాదు. కొద్దిమంది పిల్లలపై జరిగిన చిన్న చిన్న పరిశోధనలు కొన్ని ఆశలు చూపినవి, చేపలయందలి క్రొవ్వు వాపును కొంత తగ్గింపవచ్చునను విచారణయు సాగుచున్నది. కాని మందు మాని తిండితో నయము చేసికొనవచ్చునని చెప్పుటకు వలసిన సాక్ష్యము నేటికిని లేదు. తల్లికి నిజముగనే ఒక పదార్థముపై అనుమానమున్నచో దానికి పద్ధతి కలదు: కొన్ని వారములు బిడ్డ తిన్నది, నొప్పి యున్నది, నిద్రపోయినది ఏ పూటకాపూట వ్రాసి, వైద్యునికి చూపి, ఆయన యనుమతితో ఒక్క పదార్థమును మాత్రమే కొంతకాలము ఆపి, మఱల పెట్టి చూడవలెను. ఆపుట సగము పరీక్ష. మఱల పెట్టుట తక్కిన సగము. ఇంత సులభమైన పని యుండగా, పడని పదార్థములన్నియు ఒక్క రక్తపుచుక్కతో తెలియజేయుదుమని ఐజీజీ పరీక్షలు అమ్మువారు వేలకొలది రూపాయలు తీసికొని, పుటలకొలది పట్టికలు చేతికిచ్చుచున్నారు. ఆ పరీక్ష దేనినైనను తిన్నామని చెప్పునేగాని పడదని చెప్పజాలదని అసాత్మ్యరోగ (ఎలర్జీ) వైద్యుల సంఘములు ప్రకటించియే యున్నవి.

కంచము బోసిపోవుట ఈ పిల్లలకు ఇతరులకంటె ఎక్కువ ప్రమాదకరము. దీర్ఘకాలము సాగు వాపు ఆకలిని చంపును, రక్తహీనత కలిగించును, ఎముకను గుల్లబఱచును, పొడవు పెరుగుటను ఆపును. దీనికితోడు మనము పాలు, పప్పు, గ్రుడ్డు తీసివేసినచో వ్యాధి చేయు పనికి మనమే తోడుపోయినవారమగుదుము. హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికలనుబట్టి 100 గ్రాముల రాగులలో 364 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. అదే తూకమునకు గేదెపాలలో ఉండునది దీనిలో మూడవవంతు మాత్రమే. రాగిసంగటి తినుట నామోషీ యని తలంచి బిస్కత్తులకు మరగిన మా ప్రాంతమునకు ఈ యంకె వినిపింపవలసియున్నది. మునగాకు పప్పు, ఉడికించిన గ్రుడ్డు, శనగలు, పైన ఒక జామపండో నిమ్మకాయ పిండిన మజ్జిగయో. ఇవి ఏవియు మదరాసునుండి తెప్పించుకొనవలసినవి కావు. భోజనము వెంటనే టీ త్రాగించినచో పప్పునందలి ఇనుము ఒంటబట్టదని కూడ చెప్పవలెను, ఏలయన మా వైపు నేతవారి మగ్గముల యిండ్లలో పిల్లలకు సైతము టీ అలవాటు.

మందులకును తిండికిని గల చిక్కులు మఱికొన్ని కలవు. నొప్పికి వాపునకు ఇచ్చు నాప్రోక్సెను వంటి మాత్రలు పరగడుపున వేసినచో కడుపులో మంటపుట్టి పుండు పడవచ్చును. వానిని తిన్న పిమ్మటనే మ్రింగవలెను. మెథోట్రెక్సేటు అను మందు వారమున కొక్కనాడు మాత్రమే వేయునది. పొరపాటున దినదినమును వేయుట మహాపాయకరము. దానివలన వచ్చు వికారము విచిత్రమైనది. ఆ మందు పసుపుపచ్చనిది గావున, కొంతకాలమునకు ఆ రంగు చూచినంతనే కొందఱు పిల్లలకు కడుపులో త్రిప్పును. మా మనుమరాలు ఒక శనివారమునాడు చిత్రాన్నము గిన్నె మూత తీయగానే ముక్కు మూసికొని లేచిపోయినది. నిమ్మకాయ పడదేమో యని ఇంటిల్లిపాదియు అనుమానించిరి. వైద్యురాలు ఫోలిక్ ఆమ్లపు మాత్ర వ్రాసియిచ్చి, మందు రాత్రి పడుకొనుటకు ముందునకు మార్పింపగా, నెల తిరుగకమునుపే పిల్ల చిత్రాన్నము అడిగి పెట్టించుకొన్నది. స్టెరాయిడులు వాడునప్పుడు ఇందులకు విపరీతముగా ఆకలి పెరుగును, ముఖము ఉబ్బును. అప్పుడు అప్పడములు, ఊరుగాయలు, చిప్సుపొట్లములు తగ్గింపవలెనేగాని, లావెక్కినదని అన్నము మాన్పించుటయు, హఠాత్తుగా మందు ఆపివేయుటయు కూడదు. కొందఱికి దవడ కీలునందే వాపు వచ్చి నోరు నిండుగా తెఱువలేరు. వారు చపాతి నమలలేక విడిచిపెట్టినచో అది మొండితనము గాదు.

ఇక బడి సంగతి; దానికి ముందు ఒక క్షేత్రపు మాట. తమ కార్యాలయమునకు సమీపముననే వెలసియున్న వైద్య వీరరాఘవస్వామివారి కోనేటిలో బెల్లము వేసినచో, అది కరిగినట్లే రోగము కరుగునని భక్తుల విశ్వాసము. అమావాస్యనాడు హృత్తాపనాశని యను ఆ కోనేటి గట్టున బెల్లపుటచ్చులు చేతబట్టుకొని నిలుచు తల్లులలో మా కోడలును ఉన్నది. నేను గూడ వెంటపోయినవాడనే. మందు మానకున్నంతవఱకు దానికిని వైద్యమునకును తగవేమియు లేదు. కాని ఆ క్షేత్రమునకు సంబంధించిన మఱియొక కథను తమకు జ్ఞాపకము చేయదలచితిని. శాలిహోత్ర మహర్షి సంవత్సరకాలము ఉపవసించి, ఏరి తెచ్చిన బియ్యమును పిండిచేసి, అతిథి కొఱకు ఒక వంతు తీసియుంచి ఎదురుచూచుచుండగా, ముదుసలి రూపమున వచ్చిన స్వామి ఆ వంతు భుజించి, ఆకలి తీఱలేదనగా, మహర్షి తన వంతును గూడ వడ్డించెనని స్థలపురాణము. వచ్చువాడు ఎప్పుడు వచ్చునో తెలియకున్నను వాని వంతు తీసియుంచుట ఈ యూరి ధర్మము.

ముఖ్యమంత్రిగారి ఉదయాహార పథకము 2022 సెప్టెంబరు 15న మదురైలో ప్రారంభమై, 2023 ఆగస్టు 25 నుండి రాష్ట్రమందలి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలన్నిటికిని వ్యాపించి, 2024 జూలై 15న, కామరాజుగారి జన్మదినమున, మన జిల్లాయందలి కీళచ్చేరి గ్రామముననే గ్రామీణ ఎయిడెడ్ పాఠశాలలకు సైతము విస్తరింపబడినది. ఉప్మా, కిచిడి, పొంగలి, సాంబారు. మహిళా స్వయంసహాయక సంఘముల స్త్రీలు వేకువనే వచ్చి వండి, బడిగంటకు మునుపే వేడివేడిగా వడ్డించుచున్నారు. దీనిని మెచ్చుకొనుటకు నాకు మాటలు చాలవు. ఆకలితో పాఠము వినలేని పిల్లలను నా ఉద్యోగకాలమంతయు చూచినవాడను. కాని గంటకు మునుపటి ఆ వేళయే మా పిల్ల గోడపట్టుకొని నడచు వేళ. తల్లి దానిని సైకిలుపై కూర్చుండబెట్టుకొని బడికి చేర్చునప్పటికి గిన్నెలు కడిగి బోర్లించియుండును. మగ్గముపనికి తెల్లవాఱకమునుపే కూర్చుండు ఇండ్లలో, బడిలో పెట్టుదురను నమ్మకముతో ఉదయపు వంట మానినవారు అనేకులు. కావున ఇట్టి బిడ్డ పరగడుపుననే తరగతిలో కూర్చుండును. పరగడుపున మాత్ర వేయరాదు గావున మాత్రయు పడదు. మాత్ర పడదు గనుక మధ్యాహ్నమువఱకు బిగుసు వదలదు. ఇందులో ఎవరి తప్పును లేదు. వేళలు కలియకపోవుట యొక్కటే తప్పు.

కాబట్టి నేను వేడునది ఇది: ఏ బడిలోనైనను వైద్యుని చీటీగల ఇట్టి బిడ్డ యున్నచో, ఆ బిడ్డ వంతు మూతగల గిన్నెలో తీసియుంచి, మొదటి పీరియడు ముగియులోపల ఎప్పుడు వచ్చినను పెట్టి, పిమ్మట మాత్ర వేసికొననిచ్చుటకు తమ సంతకముతో ఒక ఉత్తరువు వెలువడవలెను. దీనికి అదనముగా ఒక గ్రుక్కెడు నూనెయు ఖర్చు గాదు. వంటచేయు అమ్మలు దయలేనివారు గారు; మా బడిలోని ఆమె రెండుమారులు తనకై యుంచుకొన్న ఉప్మాను పిల్లకు పెట్టినది. కాని లెక్కపుస్తకమున హాజరు వేసిన పిమ్మట వచ్చినవారికి పెట్టవచ్చునో లేదో యను సంకోచము ఆమెకు కలదు. పై యధికారి వచ్చి అడిగినచో ఏమి చెప్పుదునని ఆమె భయము. ఆ భయమును తీర్చగలవారు తమరొక్కరే.

మా ఊళ్ళలో సత్తుణవు అని పిలుచు మధ్యాహ్న భోజనము విషయమున మఱి రెండు చిన్న మనవులు. పిల్లలందఱును వరుసగా నేలపై బాసిపట్లు వేసికొని భుజింతురు; మోకాలు వాచిన బిడ్డకు అది శిక్ష. గోడవారగ ఒక బల్లయో ముక్కాలిపీటయో వేసి, ప్రక్కన ఒక స్నేహితురాలిని కూర్చుండనిచ్చినచో చాలును. ఒంటరిగా కూర్చుండబెట్టుట మాత్రము వలదు. మణికట్టు వాచిన పిల్లలు నిండు గ్లాసు ఎత్తలేరు, పళ్ళెము కడుగుటకు వంగలేరు, మెల్లగా నములుదురు. వారికొఱకు మఱి కొంతసేపు ఆగవలెను. ఇక గ్రుడ్డు సంగతి: బడి యున్న దినములలో ప్రతిబిడ్డకును గ్రుడ్డు ఇచ్చుచున్న ప్రభుత్వము, తినని పిల్లలకు అరటిపండు ఇచ్చు ఏర్పాటును గూడ చేసినది. అనగా ఒకే పంక్తిలో ఇద్దఱికి రెండు విధములుగా వడ్డించుట మన బడులకు తెలియని విద్య గాదు. జీడిపప్పు పడని పిల్ల పేరు, పాలు పడని పిల్ల పేరు వంటగది గోడపై వ్రాసియుంచుట దీనికి కొనసాగింపే. అయితే ఇందులకు వైద్యుని చీటీ తప్పనిసరి చేయవలెను. లేకున్నచో వీధిలోని నిషేధములన్నియు ఆ గోడపైకి ఎక్కును, వైద్యుడు తినుమన్న గ్రుడ్డు ఎవరో వలదన్నందున ఆగిపోవును.

బడిలో తిండి పెట్టుట ఈ నాటి పద్ధతి గాదు. 1920లో మదరాసు కార్పొరేషనువారు, తెలుగువాడైన పిట్టి త్యాగరాయసెట్టిగారి అధ్యక్షతన, థౌజండ్ లైట్సునందలి తమ బడిలో ఒక్కొక్క విద్యార్థికి దినమునకు అణాకు మించని వ్యయముతో ఫలహారము పెట్టుటకు తీర్మానించిరి. 1982 జూలై 1న ఎం.జి. రామచంద్రన్‌గారు తిరుచ్చి దగ్గఱి పాప్పాకురిచ్చిలో పోషకాహార పథకమును ప్రారంభించిరి. ప్రతి తరమును తనకు ముందటి తరమువారు చూడని ఒక బిడ్డను చూచి పంక్తిలో కూర్చుండబెట్టినది. మొదట బీదబిడ్డ, పిమ్మట గ్రుడ్డు తినని బిడ్డ, ఆ పిమ్మట ఉదయముననే ఆకలితో వచ్చిన బిడ్డ. ఇప్పుడు వాచిన కాళ్ళతో ఆలస్యముగా వచ్చు బిడ్డ వంతు వచ్చినది.

మఱియొకటి. ఈ పిల్లలను మదరాసునకు కొనిపోవుట యనగా తిరుత్తణిలో తొలి లోకలు బండి యెక్కుట, అరక్కోణము, తిరువళ్ళూరు దాటి సెంట్రలులో దిగుట, అక్కడినుండి ఎగ్మూరు పిల్లల ఆసుపత్రికి పోయి వరుసలో నిలుచుట. ఒక దినపు కూలి పోవుటయేగాక, బిగిసిన కీళ్ళతో ఆ గుంపులో బిడ్డ నలిగిపోవును. కీళ్ళవైద్యునికి చూపుటకు పోవలసినదే. కాని పిల్ల బరువెంత, పొడవెంత, రక్తము చాలియున్నదా, ఏమి తినుచున్నది అని చూచుటకు అంతదూరము పోనక్కఱలేదు. 2022లో మన జిల్లాకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. నెలకొక దినము అచ్చట పిల్లల వైద్యుడును ఆహారనిపుణురాలును కలిసి కూర్చుండి ఇట్టి పిల్లలను చూచినచో, నోటుబుక్కులలోని నిషేధములను కొట్టివేయుటకు ఒక కలము జిల్లాలోనే దొరకును. బడులకు వచ్చు ఆరోగ్యపరీక్ష బృందములు గూడ, పండ్లును కన్నులును చూచునప్పుడే, ఉదయమున కుంటుచున్నదా యని ఒక్క ప్రశ్న తల్లిని అడిగినచో, పెరుగుదల నొప్పులని కొట్టివేయబడిన పిల్లలు కొందఱైనను ముందుగా బయటపడుదురు.

చివరగా, ఉత్తరువుతోపాటు ఒక్క పుట కరపత్రము వేయింపుడు. ఏ ఆహారమును వైద్యుడు చెప్పనిదే మాన్పింపరాదనియు, ఏ లక్షణములు కనబడినప్పుడు ఆ పదార్థమును వెంటనే ఆపి ఆసుపత్రికి పరుగెత్తవలెననియు, ఏ మాత్ర తిన్న పిమ్మట వేయవలెననియు, పేరు తెలియని చూర్ణములలో స్టెరాయిడులు కలిపి అమ్ముట కలదు గనుక వానిని కొనరాదనియు అందులో నుండవలెను. తిరువళ్ళూరు, పూండి వైపులకు అరవమున చాలును. తిరుత్తణి, పళ్ళిపట్టు, ఆర్.కె. పేట, పొదటూరుపేట ప్రాంతములకు మాత్రము వెనుకప్రక్కన తెలుగున అచ్చువేయింపవలెను, ఏలయన బడిపిల్ల అరవము చదువునుగాని, ఇంట తిండి నిర్ణయించు అవ్వ చదువదు. తెలుగు ప్రతిని వ్రాసియిచ్చుటకును, అచ్చుతప్పులు దిద్దుటకును నేను సిద్ధముగా నున్నాను, వేతన మక్కఱలేదు. వైద్యవిషయములను మాత్రము కళాశాలవారి చేత సరిచూపింపవలెను, అచ్చు ఖర్చు ప్రభుత్వమువారు భరింపవలెను.

చిత్తగింపవలెను.

ఇట్లు,
విధేయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పళ్ళిపట్టు, తిరువళ్ళూరు జిల్లా.